ఇంజనుకు దిమ్మె.. పెట్టెలకు దిక్కెవరు?

"ఇంజనుకైతే రంగులేసి దిమ్మెక్కించినారు బాబూ. మనమెక్కిన పెట్టెలు మటుకు ఎటెల్లిపోనాయో ఒక్కడూ సెప్పడు."

నౌపడ స్టేషన్ బయట టీ బడ్డీ దగ్గర ఓ రిటైర్డ్ గ్యాంగ్‌మన్ అన్న మాట ఇది. ఆయన సర్వీసు అంతా చిన్న రైలు పట్టాల మీదే గడిచింది. టీ గ్లాసు పక్కన పెట్టి, రెండు చేతులూ చాపి, గేజీ వెడల్పు చూపించాడు. రెండున్నర అడుగులు. మిల్లీమీటర్లలో 762. చేతులు అలాగే గాల్లో ఉంచి, "ఇంతే బాబూ, ఇంత పట్టా మీద మన బతుకంతా తిరిగినాది" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియని మాట.

కొత్త తరం కుర్రాళ్లకు చెప్పాలి కాబట్టి చెబుతున్నా. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి, అక్కడి నుంచి కాశీనగర్ దాటి గుణుపురానికి ఒక నేరో గేజీ రైలు ఉండేది. పర్లాకిమిడి లైట్ రైల్వే. మద్రాసు-కలకత్తా పెద్ద లైను మన తీరం వెంబడి వచ్చాక, ఆ లైనుకు తన రాజధానిని కలుపుకోవాలని పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి వేయించిన లైను ఇది. 1900లో నౌపడ-పర్లాకిమిడి మధ్య 25 మైళ్లు మొదలైంది. ఖర్చు దాదాపు 7 లక్షల రూపాయలు. ఆ తర్వాత 1929, 1931లలో రెండు దఫాలుగా గుణుపురం దాకా సాగింది. మొత్తం 90 కిలోమీటర్లు.

రాజుగారు వేయించారు, రాజుగారు వేయించారు అని మనవాళ్లు తెగ మురిసిపోతుంటారు. బాగానే ఉంది. ఆ 7 లక్షలు రాజుగారి పెరట్లో కాశాయా? వంశధార, మహేంద్రతనయల ఒడ్డున నడుం వంచి నాట్లేసిన రైతు కట్టిన శిస్తు అది. కట్టలు పోసింది, కంకర మోసింది, పట్టాలు పరిచింది మన తాతలు. కాబట్టి ఈ రైలు రాజుగారి జ్ఞాపకం అయితే అయింది, మన సొమ్ము మాత్రం ముందే అయింది. పెట్టెల గురించి అడిగే హక్కు మనకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియడానికే ఈ మాట.

నేను ఆ రైలెక్కిన ఆఖరి తరం వాణ్ని. అమ్మమ్మగారి ఊరు గుణుపురం వైపు. సెలవులొస్తే నౌపడలో పెద్ద రైలు దిగి చిన్న రైలెక్కేవాళ్లం. చెక్క బల్లల మీద ఎదురెదురుగా కూర్చుంటే మోకాళ్లు మోకాళ్లకు తగిలేవి. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఎవరైనా సరే, టెక్కలి వచ్చేసరికి చుట్టాలైపోయేవాళ్లు. ఏ ఊరమ్మా, ఎవరి అమ్మాయివి, మీ మావ ఫలానా కదూ.. ఇలా. కొండ నుంచి దిగే సవర ఆడవాళ్ల గంపల్లో చింతపండు, పసుపు, కొండ చీపుళ్లు. ఇటు నుంచి ఎక్కేవాళ్ల దగ్గర ఉప్పు, ఎండు చేప. పెట్టె అంతా కలగలిసిన వాసన. ఆ వాసన మీద అమ్మ చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటే, "ఏటమ్మా, పట్నం ఎల్లి సున్నితం వచ్చీసినాదా?" అని ఓ ముసలమ్మ ఎకసెక్కమాడింది. పెట్టె అంతా నవ్వింది. అమ్మ కూడా.

వేగం సంగతి అడక్కండి. కట్ట పక్కన సైకిలు తొక్కేవాడు కిటికీలో చుట్టంతో కబుర్లు చెప్పుకుంటూ రాగలిగేవాడు. మలుపులో దిగి, పని చూసుకుని, పరుగెత్తి మళ్లీ ఎక్కొచ్చని మా మావయ్య అనేవాడు. ఆయన నిజంగానే ఒకసారి చేశాడు. చెప్పు ఒకటి పోగొట్టుకున్నాడు.

2004 జూన్‌లో ఆ రైలు ఆగిపోయింది. అప్పటికి నాకు పదకొండేళ్లు. బ్రాడ్ గేజీ చేస్తామన్నారు, చేశారు. 2010లో పర్లాకిమిడి దాకా, 2011లో గుణుపురం దాకా పెద్ద రైలు వచ్చింది. ఇవాళ విశాఖలో ఎక్కినవాడు నౌపడలో మారకుండానే గుణుపురంలో దిగొచ్చు. ఇది మంచిదే. గేజీ మార్చమని మనమే అడిగాం. చిన్న రైలే ఉంచాలి, మా పిల్లలు గంటల తరబడి చెక్క బల్లల మీదే నలగాలి అని అనడం లేదు. ఆ రొమాంటిక్ కబుర్లు ఏసీ గదుల్లో కూర్చుని రాసేవాళ్లకు వదిలేద్దాం.

మన ప్రశ్న వేరు. పట్టాలు పీకేటప్పుడు పెట్టెల లెక్క ఎవరు రాశారు? ఏది దాచారు? ఏది తుక్కుకు తోశారు? ఎవరి సంతకంతో?

ఈ ప్రశ్న పట్టుకుని నేను ఒక ఆఫీసుకు వెళ్లాను. ఒక గది నుంచి ఇంకో గదికి పంపారు. ఆ గది నుంచి మొదటి గదికి. చివరికి ఒక పెద్దమనిషి కళ్లజోడు సర్దుకుని "ఇరవై ఏళ్ల నాటి తుక్కు గురించి ఇప్పుడెందుకండీ?" అన్నాడు. ఆయన్ను తప్పుపట్టను. ఆయన దృష్టిలో అది తుక్కే. తూకం వేస్తే ఇనుము ఇంత, కలప ఇంత. మనం పెద్దల సభల్లో ఎప్పుడూ అడగలేదు కాబట్టి ఆయనకు వేరే పేరు తెలియదు.

ఆ లైను ఆవిరి ఇంజన్లకు ఆ గతి పూర్తిగా పట్టలేదు. 1990లలో డీజిల్ వచ్చాక పక్కకు తప్పుకున్న వాటిలో కొన్నిటికి నల్లరంగు వేసి, చక్రాలకు ఎర్రరంగు దిద్ది దిమ్మెల మీద నిలబెట్టారు. పెళ్లి ఫొటోలు దిగేవాళ్లకు పనికొస్తున్నాయి. ఇంజను మీద ప్రేమ ఎందుకంటే దానికి పొగగొట్టం ఉంది, కూత ఉంది, మీద ఇంగ్లండు కంపెనీ పలక ఉంది. పెట్టెకు ఏముంది? మనం ఉన్నాం. ఇంజనులో కూర్చున్నది ఇద్దరు ముగ్గురు. పెట్టెలో కూర్చున్నది మూడు నాలుగు తరాల జనం. మన అవ్వ పురిటికి వెళ్లింది అందులో. మన తాత కోర్టు వాయిదాకు వెళ్లింది అందులో. పర్లాకిమిడి కాలేజీలో చదువుకోవడానికి ఎంతమంది పల్లెటూరి కుర్రాళ్లు ట్రంకు పెట్టెతో వెళ్లారో! అంటే జనం కూర్చున్న చోటుకి విలువ లేదన్నమాట. ఉత్తరాంధ్ర సంగతులన్నిటిలో ఉన్న పాత జబ్బే ఇక్కడా ఉంది.

పెట్టెను దాచడం ఇంజనును దాచినంత తేలిక కాదన్నది కూడా నిజం. ఇంజను మొత్తం ఇనుము, ఏటా రంగు పూస్తే ఎలాగో నిలబడుతుంది. పాత పెట్టె అలా కాదు. కింద ఇనుప చట్రం, మీద కలప శరీరం. వాన నీరు గోడల వెంట జారి నిలువు చెక్కల మొదళ్ల దగ్గర చేరుతుంది. కుళ్లు మొదలయ్యేది అక్కడే. పైకి పెట్టె దర్జాగా కనిపిస్తుంది, కాళ్లు మాత్రం పొడి అయిపోయి ఉంటాయి. తర్వాత పైకప్పు. సన్న పలకలు పేర్చి మీద రంగు తాపిన కాన్వాసు గుడ్డ పరిచేవారు. ఆ గుడ్డ ఒక్కచోట చిరిగితే రెండు మూడు వానాకాలాల్లో పెట్టె లోపలంతా పాడవుతుంది. ఇక మన తీరం గాలి సంగతి చెప్పాలా? నౌపడ అంటేనే ఉప్పు మడులు. ఆ ఉప్పు గాలికి ఇనుప చట్రం పొరలు పొరలుగా ఊడిపోతుంది. అందుకే పెట్టెను ఆరుబయట దిమ్మె మీద పెట్టి చుట్టూ గొలుసు కట్టడం కాపాడటం కాదు, నెమ్మదిగా చంపడం. దానికి మొదట కావలసింది నాలుగు వైపులా గాలి ఆడే ఒక మంచి షెడ్డు. రంగు తర్వాత సంగతి.

అసలు రంగు వేయాలంటే ముందు రంగు గీకాలి. ఒక మూల చిన్న మేర పొర పొరగా గీకుతూ వెళితే ఏ కాలంలో ఏ రంగు వేశారో చెట్టు కాండం వలయాల్లా బయటపడుతుంది. విప్పే ముందు ప్రతి ముక్కకూ నంబరు వేసి ఫొటో తీయాలి. కుళ్లిన చెక్క మొత్తం పీకి పారేయకూడదు. కుళ్లినంత మేరకే కోసి, అదే జాతి కలప ముక్కను ఏటవాలుగా అతికి కలపాలి. ఎంత పాత కలప మిగిలితే అంత విలువ. ఈ పనులు తెలిసినవాళ్లు ఎక్కడో విదేశాల్లో ఉన్నారనుకుంటున్నారా? బొబ్బిలి పక్క గొల్లపల్లిలో ఒకే పనస దుంగ తొలిచి వీణ చేసే చేతులున్నాయి. భావనపాడు ఒడ్డున పడవకు పలక అతికే చేతులున్నాయి. పెట్టె తలుపు పిడికి, దీపం బుడ్డికి ఇత్తడి పోత పోయాలంటే బుడితిలో తరాలుగా అదే పని. ఆ చేతుల్లో సగం ఇవాళ హైదరాబాదులో సెంట్రింగ్ పనికి, చెన్నైలో కాపలా పనికి పోతున్నాయి. ఐటీఐలో ఫిట్టరు చదివిన కుర్రాడు పలాసలో జనరల్ పెట్టెలో నిలబడి వలస పోతున్నాడు. వీళ్లందరికీ ఇంటి దగ్గర ఒక షెడ్డులో పని చూపించొచ్చు కదా అంటే మన ప్రజాప్రతినిధులకు వింతగా ఉంటుంది.

వింతేమీ కాదు. సియెర్రా లియోన్ అనే దేశం పేరు విన్నారా? పడమటి ఆఫ్రికాలో పేద దేశం. వాళ్లదీ సరిగ్గా మన గేజీయే, రెండున్నర అడుగులు. వాళ్ల రైలు 1974లో మూతపడింది. తర్వాత 1991 నుంచి పదకొండేళ్లు అంతర్యుద్ధం. ఊళ్లు కాలిపోయాయి. రాజధాని ఫ్రీటౌన్‌లో పాత రైల్వే వర్క్‌షాపు షెడ్డులో ఇళ్లు పోయిన జనం తలదాచుకున్నారు. ఆ షెడ్డులోనే పాత ఇంజన్లూ, పెట్టెలూ ఉండిపోయాయి. పాత రైల్వే కార్మికులు వాటిని తుక్కు దొంగల పాలు కాకుండా కాచుకుని కూర్చున్నారు. 2004లో ఒక బ్రిటిష్ సైనికాధికారి వాటిని చూసి కదిలాడు, స్థానిక కుర్రాళ్లు చేతులేశారు, 2005లో అదే షెడ్డు జాతీయ రైల్వే మ్యూజియం అయింది. 1961లో బ్రిటన్ రాణి పర్యటన కోసం చేసిన పెట్టె కూడా అందులో ఉంది. సరిగ్గా మన చిన్న రైలు ఆగిపోయిన 2004లో, కరెంటు కూడా సరిగ్గా లేని దేశంలో పెట్టెలు లేచి నిలబడ్డాయి. అంతర్యుద్ధం చూడని మనకు ఏం అడ్డొచ్చింది?

బ్రిటన్‌లో వేల్స్ అని ఒక ప్రాంతం ఉంది. తన భాష కోసం, తన ఉనికి కోసం కొట్లాడే ప్రాంతం. అక్కడ వెల్ష్‌పూల్-లాన్‌ఫెయిర్ లైను, అదీ మన గేజీయే. 1931లో ప్రయాణికుల రైళ్లు ఆపేశారు, ఉన్న మూడు పెట్టెలనూ తుక్కు చేసేశారు. 1956లో లైను మొత్తం మూసేశారు. 1963లో స్థానికులు స్వచ్ఛందంగా మళ్లీ తెరిచారు. పెట్టెలు లేకపోతే ఏం చేశారు? మూతపడిన సియెర్రా లియోన్ రైల్వే నుంచి 1975లో కొన్ని తెచ్చుకున్నారు. అంతటితో తృప్తి పడలేదు. 2004-2010 మధ్య, తుక్కయిన ఆ మూడు పాత పెట్టెలకూ నకళ్లు కొత్తగా తయారు చేయించుకున్నారు. డెబ్బై ఏళ్ల తర్వాత! చేతిలో ఉన్నప్పుడు తుక్కుకు అమ్మిన దాన్ని మళ్లీ చేయించుకోవడానికి ఎంత ఖర్చు, ఎంత అవస్థ. మనం ఆ పొరపాటు మధ్యలో ఉన్నాం.

ఇక్కడ ఒక మిత్రుడు నన్ను ఆపాడు. యూనియన్‌లో పనిచేసే ఉద్యోగి. "ఉద్దానంలో కిడ్నీలు పోతున్నాయి, కుర్రాళ్లకు ఉద్యోగాల్లేవు, నువ్వు పాత చెక్క పెట్టెల గురించి రాస్తావేటి?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. దానికి నా దగ్గర గొప్ప జవాబు లేదు, ఒక చిన్న లెక్క ఉంది. ఉద్దానానికి మంచినీళ్ల డబ్బు పెట్టెల షెడ్డుకు మళ్లించమని ఎవరూ అడగడం లేదు. రైల్వేకు వారసత్వం పేరుతో ఒక విభాగమే ఉంది. అరకు రైలుకు 2017లో అద్దాల పెట్టె తగిలించడానికి కోట్లు దొరికాయి. టూరిస్టు కొండను చూడటానికి డబ్బు ఉంటే, కొండవాడు ఎక్కిన పెట్టెను చూడటానికి ఎందుకు ఉండదు? మిత్రుడు ఒప్పుకున్నాడని చెప్పను. "రాయి, కానీ కిడ్నీల సంగతి కూడా రాయి" అన్నాడు. రాస్తూనే ఉన్నాం.

అసలు ఇప్పుడే ఎందుకు తొందర అంటే, ఈ లైను ముక్కలవుతోంది. విశాఖ జోన్ కోసం మనం పట్టాల మీద కూర్చున్నాం. నేనూ కూర్చున్నాను, లాఠీ రుచీ తెలుసు. 2019 ఫిబ్రవరిలో దక్షిణ కోస్తా జోన్ ప్రకటించారు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం వాల్తేరు డివిజన్ పంపకాన్ని తేల్చింది. ఆ కాగితం శ్రద్ధగా చదివినవాళ్లు తక్కువ. నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా విశాఖ డివిజన్‌కు. పర్లాకిమిడి నుంచి గుణుపురం దాకా తూర్పు కోస్తా జోన్‌లోని కొత్త రాయగడ డివిజన్‌కు. 1900లో వేసిన ముక్క ఒకరికి, 1931 నాటికి సాగిన ముక్క ఇంకొకరికి. రైళ్లు నడపడానికి ఆ పంపకంతో ఇబ్బంది ఉండకపోవచ్చు. పాత రిజిస్టర్లు, డ్రాయింగులు, తుక్కు వేలం ఫైళ్లు, మిగిలిన పెట్టెలు ఎవరి వాటాకు వస్తాయి? ఆస్తులు పంచుకునేటప్పుడు ఇద్దరన్నదమ్ములూ ముసలి తల్లిని "నీ దగ్గరే ఉండనీ" అనుకుంటారు చూడండి, అలా అవుతుందని భయం.

ఈ గీతల బాధ ఈ రైలుకు కొత్త కాదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, ఆనుకుని ఉన్న పాతపట్నం ఇటు మిగిలింది. అక్కడ బడిపంతులుగా ఏళ్ల తరబడి పనిచేసి, సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కట్టి, వాడుక భాష కోసం పండితులతో పోట్లాడిన గిడుగు రామమూర్తి ఆ ఏడాదే పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఊరు వదిలారు గానీ గీత అటుపక్కా తెలుగు మిగిలింది, ఇటుపక్కా ఒడియా, సవర మిగిలాయి. ఆ భాషలన్నీ పక్కపక్కన కూర్చున్న చోటు ఆ చిన్న రైలు పెట్టె. దాన్ని ఏ ఒక్క రాష్ట్రమూ మాదే అనుకోలేదు, అందుకే దానికి దిక్కు లేకుండా పోయింది.

కాబట్టి అడగవలసినవి పెద్దవేమీ కావు. లైను ఆగిన నాటికి ఉన్న పెట్టెల జాబితా నంబర్లతో సహా రైల్వే బయటపెట్టాలి, ఏది ఎక్కడ ఉందో పక్కన రాయాలి. పంపకం పూర్తయ్యేలోగా ఆ లైను కాగితాలన్నీ ఒక్కచోటికి చేర్చి నకళ్లు తీయించాలి, ఒక నకలు ఎచ్చెర్ల అంబేద్కర్ విశ్వవిద్యాలయానికి ఇవ్వాలి. ఎక్కడెక్కడో దిక్కులేక ఉన్న పెట్టె ఒక్కటి దొరికినా చాలు, నౌపడకు తెచ్చి కప్పు కింద పెట్టాలి. రిటైరయిన ఫిట్టర్లు, వడ్రంగులు, గ్యాంగ్‌మన్లు బతికి ఉండగానే పని మొదలుకావాలి. ఏ బోల్టు ఎటు తిరుగుతుందో వాళ్లకే తెలుసు. నౌపడలో నాతో మాట్లాడిన పెద్దాయనకు చేతులు వణుకుతున్నాయి. ఇంకో అయిదేళ్లు ఆగితే వణికే చేతులు కూడా ఉండవు. ఈ పని మొదలైతే బొబ్బిలి-సాలూరు మధ్య తిరిగిన రైలు బస్సు సంగతి కూడా అప్పుడే మాట్లాడొచ్చు. దాన్ని కూడా తుక్కయ్యాక వెతుక్కోవద్దు.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ ఇళ్లల్లో చిన్న రైలు టికెట్టు ముక్క, పాత ఫొటో, తాత రైల్వే యూనిఫారం గుండీ ఏదైనా ఉంటే పారేయకండి. తాతల దగ్గర కూర్చుని సెల్‌ఫోనులో వాళ్ల మాట రికార్డు చేయండి. ఉద్యోగ మిత్రుల్లో రైల్వేలో ఉన్నవాళ్లు స్టోర్సు రిజిస్టర్లు ఒకసారి తిరగేయండి. సమాచార హక్కు దరఖాస్తు నేను వేస్తున్నాను, మీలో ఇంకో పదిమంది వేస్తే మంచిది.

లేచి బయలుదేరబోతుంటే ఆ పెద్దాయన ఇంటికి రమ్మన్నాడు. దూలం మీంచి గుడ్డ మూట దించాడు. అందులో పెట్టె కిటికీ గొళ్లెం ఒకటి. లైను ఆగిన వారం, పట్టాల పక్క పడి ఉంటే తెచ్చుకున్నాడట. "ఇది రైల్వేదే బాబూ, నాది కాదు. పెట్టె దొరికితే ఒట్టుకెళ్లి తగిలించీయండి" అన్నాడు. నేను తీసుకోలేదు. పెట్టె దొరికాక వస్తానని చెప్పాను.